నల్లాలో మంజీర

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట మీదుగా ఎర్రగడ్డ దిక్కు సాగే రోడ్డును పాతవాళ్ళు ఇప్పటికీ బొంబాయి రోడ్డనే అంటారు. కాగితాల మీద అది జాతీయ రహదారి 65. మెట్రో స్తంభాల నీడలో, మైత్రీవనం ముందర, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద రోజూ నడిచే మనకు అది ఎక్కడికో పోయే రోడ్డన్న సంగతే గుర్తు రాదు. ఆ దిక్కు నుంచే, భూమి లోపల, నీళ్ళు మన వైపు వస్తుంటాయి. సంగారెడ్డి దగ్గరి మంజీర బ్యారేజీ నుంచి 1965లో, ఆ పైనున్న సింగూరు జలాశయం నుంచి 1990లలో నగరానికి నీళ్ళు తెచ్చారు. అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్ ఇళ్ళల్లో, హాస్టళ్ళల్లో నల్లా తిప్పితే ఏళ్ళ తరబడి వచ్చింది చాలావరకు ఆ నీళ్ళే.

మన దాకా రాకపోతే అవి ఎక్కడికి పోయేవి? ఈ ప్రశ్న మనసులో పడి చాలాకాలమైంది. వానాకాలం కోతలు మొదలైన రోజుల్లో మా మేనల్లుడు కారు తీశాడు. అతనూ అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని ఉద్యోగంలో చేరినవాడే. మంజీర గోదావరిలో కలిసే చోటు దాకా పోయి చూద్దామనుకున్నాం.

మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో బాలాఘాట్ కొండల్లో మంజీర పుడుతుంది. లాతూర్ జిల్లా దాటి, బీదర్ దాటి, న్యాల్‌కల్ దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. మెదక్ ప్రాంతంలో ఉత్తరానికి మళ్ళి, బోధన్ పక్కగా పారి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్ల నడక. హైదరాబాద్‌ను ఎక్కడా తాకదు.

పటాన్‌చెరు దగ్గర ఎడమ చేతి వైపు ఇక్రిశాట్ కంచె కనిపిస్తుంది. 1972 నుంచి అక్కడ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మీద పరిశోధన సాగుతోంది. మెట్ట రైతు కోసం ప్రపంచమంతా వెతికి తెచ్చిన విత్తనాలను అక్కడ భద్రంగా దాచారు. అదే పటాన్‌చెరు పారిశ్రామికవాడ మురుగు నక్కవాగులో పడి మంజీరలో కలిసింది. ఆ బాధ 1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది. విత్తనం మీద అంత శ్రద్ధ, వాగు మీద ఇంత నిర్లక్ష్యం ఒకే ఊళ్ళో పక్కపక్కన ఎలా ఇమిడాయో నాకు అర్థం కాదు.

జహీరాబాద్ చేరేసరికి చెరకు, అల్లం, ఆలుగడ్డ. ఎర్రనేల పక్కనే నల్లరేగడి. సంతలో ఒకే మనిషి కూరగాయల బేరం తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలో గీచి గీచి, ఉర్దూలో ముగించడం విన్నాను. ఝరాసంగం కేతకి సంగమేశ్వరుడి గుడికి కన్నడిగులూ మరాఠీలూ మనవాళ్ళతో సమానంగా వస్తారు. ఇక్కడ భాషలు కలవడం ఎవరో పనిగట్టుకుని సాధించిన సామరస్యం కాదు, రోజువారీ అవసరం. నాకు అదే గట్టి సామరస్యంగా తోచింది.

ఈ దారిలో నేను ఎక్కువసేపు ఆగాలనుకున్న ఊరు పస్తాపూర్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి ఈ చుట్టుపక్కల దళిత మహిళల సంఘాలతో పనిచేస్తోంది. ఆ స్త్రీలు పడావు పడ్డ రాళ్ళ నేలల్ని సాగులోకి తెచ్చారు. జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు, ఇంకా ఎన్నో ఒకే చెలకలో కలిపి వేస్తారు. సంక్రాంతి నాటి నుంచి పాత పంటల జాతర పేరిట ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. మాచ్‌నూరులో 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నదీ వాళ్ళే. సంఘం నుంచి విత్తనం తీసుకున్నవాళ్ళు పంట చేతికొచ్చాక, తీసుకున్నదానికి మరికొంత కలిపి తిరిగి ఇస్తారు. నది నీళ్ళ మీద ఆశ పెట్టుకోని సేద్యం అది. వాన, నేల, చేతిలోని విత్తనం, అంతే. పైన ఎవరో వదిలితేనే బతికే స్థితి వాళ్ళకు లేదు. అక్కడ నిలబడ్డప్పుడు నాకు మొదటిసారి తట్టింది: మనం సంపన్నమైన నేల అని పేరు పెట్టేది తరచూ ఇంకొకరి దయ మీద నిలిచిన నేలను. సంపన్నం అనిపించని ఈ చెలకలే తమ కాళ్ళ మీద తాము నిలబడ్డాయి.

నారాయణఖేడ్ దారిలో తండాలు. కోతల కాలం వస్తే ఇక్కడి లంబాడా కుటుంబాలు పిల్లాజెల్లాతో చెరకు కొట్టడానికి వలస పోతాయి. సింగూరు నీళ్ళు వాళ్ళకు దూరం కాదు, అయినా అవి వాళ్ళ చెలకలెక్కలేదు. నిండు జలాశయం దాపున కరువు పాటలు వింటూ ముందుకు పోయాం.

నిజాంసాగర్ కట్ట మీద నిలబడితే ఆ పని చేసినవాళ్ళ మీద గౌరవం దానంతటదే పుడుతుంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలై 1931లో పూర్తయిన కట్టడం. ఆయన పుట్టిన రోజు జులై 11న తెలంగాణ ఇంజనీర్ల దినం జరుపుకుంటోంది. 2,75,000 ఎకరాలకు నీళ్ళివ్వాలని లెక్క వేశారు. దాని కోసం ఎన్నో ఊళ్ళు నీళ్ళ కింద పోయాయి. ఆ ఊళ్ళవాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు, బాన్సువాడ వరి గింజలో మాత్రం వాళ్ళ వాటా ఉంది. మొదట 29 టీఎంసీలకు పైగా పట్టిన జలాశయం పూడికతో 12 టీఎంసీల లోపుకు పడిపోయింది. తర్వాత కట్ట ఎత్తు పెంచి 17.8కి తెచ్చారు. ఈలోగా పైన దాదాపు 30 టీఎంసీల సింగూరు లేచింది. నది అదే, వాన అదే. పై చెరువు నిండాకే కింది చెరువుకు.

ఈ నీళ్ళను నమ్ముకునే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు ఇక్కడికి వచ్చి నేల కొన్నారు. వర్ని, కోటగిరి, బోధన్ చుట్టూ వాళ్ళు కట్టుకున్న ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. తరాలు గడిచాయి. వాళ్ళ ఇళ్ళలో గోంగూరా ఉంది, సర్వపిండీ ఉంది. నాట్లకు బీహార్, బెంగాల్ నుంచి కూలీలు వస్తున్నారు. ఈ ప్రాంతపు వైవిధ్యానికి తల్లి నీరే. కాలువ ఎంత దూరం పోయిందో అంత దూరం నుంచి మనుషులొచ్చారు.

బోధన్‌లో శక్కర్‌నగర్ చూడక తప్పదు. 1937లో పుట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు మోసింది. తనకంటూ వేల ఎకరాల చెరకు క్షేత్రాలు, కాలనీ, బడి, దవాఖానా ఉన్న చిన్న రాజ్యం. 2002లో దానిలో ప్రైవేటు భాగస్వామ్యం వచ్చింది. 2015 డిసెంబరులో మూతపడింది. సింగూరు అడుగంటిన రోజులూ అవే. ఒకటి రెండోదానికి కారణమని నేననను, ఫ్యాక్టరీ మూతకు వేరే కారణాలు చాలా ఉన్నాయి. కానీ నీళ్ళు, చెరకు, కొలువు, మూడూ ఒకేసారి చేజారడం ఒక తరానికి ఏం చేస్తుందో ఆ ఖాళీ క్వార్టర్ల ముందు నిలబడితే తెలుస్తుంది.

అక్కడే మా మేనల్లుడు అడిగాడు: "మామా, గింత నేల, గిన్ని నీళ్ళు పెట్టుకొని వీళ్ళ పిల్లలు మా అమీర్‌పేట హాస్టళ్ళకెందుకొస్తరే?"

వెంటనే జవాబు చెప్పలేదు. దారంతా ఆలోచించాను. ఎగువ, దిగువ అనేవి భూగోళం మాటలనుకుంటాం. నది ఒడ్డున లేని అమీర్‌పేట బోధన్‌కు ఎగువ ఎలా అయింది? పైపు వల్ల, పలుకుబడి వల్ల, మనకు దాహమైతే ప్రభుత్వాలు కదులుతాయన్న భరోసా వల్ల. కదలడం తప్పనను. 2016 ఏప్రిల్‌లో ఇదే నదికి ఎగువనున్న లాతూర్‌కు మిరజ్ నుంచి రైలు వాగన్లలో తాగునీళ్ళు తెచ్చారు. నదికి ఎంత ఎగువనున్నా, ఒక ఏడాది చాలు మనిషి దిగువైపోవడానికి. ప్రతివాడూ ఎవరికో ఎగువ, ఎవరికో దిగువ. ఎగువనున్నప్పుడు వంచిన తల కింది పొలం దాకా చూడగలగాలి. నా దృష్టిలో నీతి అంటే అంతకన్నా పెద్దదేమీ లేదు.

మన విషయంలో ఇంకొక చిక్కుంది. మంజీర గోదావరి బిడ్డ. అమీర్‌పేటలో వాడి పారబోసిన నీళ్ళు నాలాల్లో పడి హుస్సేన్‌సాగర్ దిక్కు, అక్కణ్ణుంచి మూసీలోకి, చివరకు వాడపల్లి దగ్గర కృష్ణలోకి పోతాయి. అంటే గోదావరి లోయ నుంచి తీసుకున్న నీళ్ళు మళ్ళీ ఆ లోయ ముఖం చూడవు. పోతూ పోతూ నల్లగొండ వైపు మూసీ రైతులకు మురుగు పంచి పోతాయి. పస్తాపూర్ ఆడవాళ్ళు విత్తనం విషయంలో పాటించే ధర్మం, తీసుకున్నదానికి కలిపి ఇవ్వడం, నీళ్ళ విషయంలో మనకు చేతకాలేదు.

కందకుర్తిలో రెండు నదులూ కలిసే చోట జనం మరాఠీలో దండం పెట్టుకుంటున్నారు, తెలుగులో పిల్లల్ని కేకలేస్తున్నారు. అవతలి గట్టు మహారాష్ట్ర. వెనక్కి వచ్చాక ఒక సంగతి కొత్తగా కనిపించింది. పంజాగుట్టలో నిమ్స్ ముందు బీదర్, నాందేడ్, నారాయణఖేడ్, బోధన్ నుంచి వచ్చిన రోగుల బంధువులు ఫుట్‌పాత్ మీద టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చుంటారు. ఆ లోయ అంతా ఇక్కడికి వస్తూనే ఉంది, మనమే దాని దాకా పోలేదు. మేనల్లుడి ప్రశ్నకు జవాబూ అదే. నీళ్ళు ఎటు పోతే పిల్లలూ అటే వస్తారు. బోధన్ నుంచి వచ్చి హాస్టల్ గదిలో పాఠాలు చదువుకునే కుర్రాడి బకెట్‌లో, వాళ్ళ నాన్న మడికి అందని తడి ఉండి ఉంటుంది.

తాగునీటికే మొదటి హక్కు అంటారు. ఒప్పుకుంటాను. కానీ మన నల్లా నీళ్ళలో తాగేది ఎంత? కార్లు కడగడానికి, సెల్లార్లు తుడవడానికి, నిండి పొర్లే ట్యాంకులకు మొదటి హక్కు ఎవరిచ్చారు? నగరానికి 2004 నుంచి కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, 2015 చివరి నుంచి గోదావరి నీళ్ళూ వస్తున్నాయి. మెదక్ ప్రాంతంలో మంజీర మీదే ఉన్న ఘనపురం ఆనకట్ట కింద, నిజాంసాగర్ కింద, వాలు మీద తనంతట తాను పారే నీళ్ళు మాత్రం మంజీరవే. వానలు తక్కువైన ఏడాది సింగూరు నీళ్ళు పంచేటప్పుడు ఆ రెండు ఆయకట్టుల వాటా ముందు తీసి పక్కన పెట్టాలి, తర్వాతే పట్నానికి. ఈ పంపకాల లెక్కలు చూసే జలసౌధ ఎర్రమంజిల్‌లో ఉంది, పంజాగుట్ట చౌరస్తా నుంచి నడిచి పోయేంత దూరంలో. ఈ మాట అక్కడికి పోయి చెప్పవలసింది బోధన్ రైతులు కాదు, ఆ నీళ్ళు తాగిన మనమే.