తోడు లేకుండా ప్రయాణించలేని వ్యక్తి

రైల్వే రాయితీ కోసం డాక్టరు సంతకం చేసే ఫారంలో ఒక వాక్యం ఉంటుంది. ఫలానా వ్యక్తికి అవయవ వైకల్యం ఉందనీ, తోడు లేకుండా ప్రయాణం చేయలేడనీ అందులో ధ్రువీకరిస్తారు. మొదటి సగంతో నాకు పేచీ లేదు. ఎడమకాలికి పోలియో, తొడ దాకా క్యాలిపర్, చేతిలో కర్ర. ఎంత శాతమో సదరం క్యాంపులో ఎప్పుడో తేల్చేశారు. రెండో సగం సంగతి వేరు. అది నా కాలి గురించి కాదు, నా గురించి. కాలేజీ రోజుల నుంచీ ఆ కాగితం నా దగ్గరుంది, వాడుకుంటూనే ఉన్నాను. ఆ వాక్యం నిజమా అబద్ధమా అని ఎవరైనా అడిగితే మాత్రం ఒక్క ముక్కలో చెప్పలేను.

ముందు రూల్ చూద్దాం. నాలాంటి వాళ్ళకి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం రాయితీ. ఫస్ట్ ఏసీ, సెకండ్ ఏసీల్లో 50 శాతం. రాజధాని, శతాబ్ది రైళ్ళలో థర్డ్ ఏసీకీ చైర్‌కార్‌కీ 25 శాతం. వెంట వచ్చే ఒక మనిషికి కూడా అంతే. చూపు పూర్తిగా లేనివాళ్ళకీ ఇవే శాతాలు, కానీ వాళ్ళ దగ్గర రూల్ భాష మారిపోతుంది: ఒంటరిగా గానీ, తోడుతో గానీ. మాటా వినికిడీ రెండూ లేనివాళ్ళకి రాయితీ 50 శాతమే, అయినా అక్కడా 'ఒంటరిగా గానీ, తోడుతో గానీ' అనే ఉంటుంది. కాళ్ళ దగ్గరికి, బుద్ధి దగ్గరికి వచ్చేసరికి మాత్రం తోడు లేకుండా ప్రయాణించలేని వ్యక్తి కావాలి. అంటే ఒకే పట్టికలో, ఒకే శాఖ, కొందరి విషయంలో ఒంటరి ప్రయాణాన్ని మామూలు సంగతిగా ఒప్పుకుంది. నా విషయంలో అది అసాధ్యమని రాసిస్తేనే ఒప్పుకుంటానంటోంది.

దీని లెక్క తమాషాగా ఉంటుంది. స్లీపర్ బేసిక్ ఫేర్ 400 అనుకుందాం. (రిజర్వేషన్ చార్జీల్లాంటివి వేరే, వాటికి రాయితీ లేదు.) ఆ వాక్యం రాయించుకోని పోలియో మనిషి ఒక్కడే వెళ్తే 400. రాయించుకున్నవాడు వాళ్ళ అమ్మతో వెళ్తే, ఇద్దరికీ కలిపి 200. ఒక సీటు కంటే రెండు సీట్లు సగం ధరకి వస్తున్నాయి. ఒంటరిగా వెళ్ళగలగడానికి పడే జరిమానా ఇది. పైగా ఒంటరిగా వెళ్ళేవాడికే ఖర్చెక్కువ. సామాను మోసే పోర్టరు, స్టేషన్ గుమ్మం దాకా ఆటో కాకుండా క్యాబ్, కింది బెర్త్ దొరక్కపోతే ఇంకో రోజుకి మార్చుకున్న టికెట్, అన్నీ వాడి జేబులోంచే.

మరి నేను ఒంటరిగా ప్రయాణించగలనా? ప్రోగ్రామర్ భాషలో చెప్పాలంటే, ఫారం దీన్ని బూలియన్ అనుకుంటోంది, ట్రూ ఆర్ ఫాల్స్. నిజానికి ఇదొక ఫంక్షన్, ఇన్‌పుట్‌లు బోలెడు. సికింద్రాబాద్‌లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం, పగటి బండి, భుజానికి ఒక బ్యాగు అయితే హాయిగా వెళ్తాను. అదే రాత్రి పదకొండుకి, వాన పడుతుంటే, బండి ఇంకో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని చివరి నిమిషంలో మైకులో చెప్తే, లిఫ్టు పనిచేయకపోతే, వెళ్ళలేను. నా కాలు రెండుసార్లూ అదే కాలు. మారింది స్టేషను. చిన్న ఊళ్ళలో ప్లాట్‌ఫారం కిందికీ బోగీ మెట్లు పైకీ ఉండి, మధ్యలో రెండు నిమిషాల హాల్ట్ ఉంటే, వైకల్యం ఎవరిదో చెప్పడం కష్టం. వికలాంగుల కోసం పెట్టిన బోగీ చాలా రైళ్ళలో గార్డు పెట్టెతో కలిసి చిట్టచివర ఉంటుంది. ప్లాట్‌ఫారం పొడవునా నడవగలిగినవాడే దాన్ని చేరగలడు. 'చేయలేడు' అన్న క్రియకి కర్తగా నన్నొక్కడినే నిలబెట్టడం వ్యాకరణం ప్రకారం సరే గానీ, నిజం ప్రకారం సగమే.

జొనాథన్ వుల్ఫ్ అనే తత్వవేత్త 1998లో ఒక వ్యాసం రాశాడు. సాయం ఎవరికి అందాలో పక్కాగా తేల్చే ప్రయత్నంలో, ప్రభుత్వం మనిషి చేత తన లోపాన్ని తానే చెప్పిస్తుందని, న్యాయం జరిగినా గౌరవం పోతుందని ఆయన వాదన. ఉద్యోగాలు బాగానే ఉన్న రోజుల్లో నిరుద్యోగ భృతి కావాలంటే, అందరికీ దొరికినా నాకు దొరకలేదు, నాకంత సత్తా లేదు అని ఆఫీసు ముందు నిరూపించుకోవాలి. నిరూపించాలంటే ముందు తను నమ్మాలి. మరుసటి ఏడాది ఎలిజబెత్ ఆండర్సన్ ఇంకాస్త కారంగా, పరిహారంతో పాటు ప్రభుత్వం వికలాంగులకి పంపే ఉత్తరాన్ని ఊహించి రాసింది. మీ బతుకు తక్కువ బతుకు కాబట్టి ఈ డబ్బు అనే ధోరణిలో సాగే ఉత్తరం అది. చదివితే నవ్వొస్తుంది, తర్వాత మన ఫారాలు గుర్తొచ్చి నవ్వు ఆగిపోతుంది.

దుర్వినియోగం సంగతేంటి అంటారు. న్యాయమైన ప్రశ్నే. రైల్వే డబ్బు ఊరికే రాదు. 2020 మార్చిలో చాలా రాయితీలు ఆపేసినప్పుడు వికలాంగుల నాలుగు విభాగాలు, రోగుల పదకొండు విభాగాలు, విద్యార్థులు మాత్రమే మిగిలారు. అయితే దొంగలని పట్టుకోవాల్సింది వైకల్యం ఉందా లేదా అన్న చోట. అది శాతాలతో సహా ముందే తేలిపోయింది. తోడు షరతు దొంగలని ఆపదు, దొంగకి కూడా వెంట రావడానికి ఒక బావమరిది ఉంటాడు. అది ఆపేది ఒంటరిగా వెళ్ళాలనుకునేవాళ్ళని, ముఖ్యంగా ఆడపిల్లలని. క్యాలిపర్‌తో హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయికి, సగం ధరకి ఇంటికి రావాలంటే ముందు నాన్నో అన్నయ్యో సెలవు పెట్టాలి. ఆ అమ్మాయి ఎప్పుడు ఊరెళ్ళాలో ఇంకొకరి సెలవు నిర్ణయిస్తుంది.

"నీ జీతానికి నీకెందుకురా ఇది?" అని ఒక స్నేహితుడు అడిగాడు. జీతం చూసి ఇచ్చే రాయితీ అయితే జీతం అడగమనండి, పే స్లిప్ చూపిస్తాను. పే స్లిప్ చూపించడంలో నాకేం నామోషీ లేదు.

తోడు అక్కర్లేదని వాదించడం నా ఉద్దేశం కాదు. ఒంటరిగా తిరగడమే స్వేచ్ఛ అనే మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మా అమ్మకి అరవై దాటాయి. యాభై ఎనిమిది నిండిన ఆడవాళ్ళకి ఉండే 50 శాతం సీనియర్ సిటిజన్ రాయితీ, ఆపేసిన వాటిలో పోయింది. ఇప్పుడు ఆవిడకి రాయితీ వచ్చేది నా ఎస్కార్ట్‌గానే. బోగీ నంబరు వెతికేది నేను, యాప్‌లో బండి ఎక్కడుందో చూసేది నేను, మోకాళ్ళ నొప్పులతో మిడిల్ బెర్త్ ఎక్కలేదు కాబట్టి టీటీఈని బతిమాలి ఆవిడకి ఇంకో కింది బెర్త్ మాట్లాడేది నేను. ఆవిడ పులిహోర డబ్బా విప్పుతుంది, తెనాలి వస్తోందని నన్ను నిద్రలేపుతుంది. ఎవరు ఎవరికి తోడో చార్టులో చూస్తే తెలుస్తుంది, బోగీలో చూస్తే తెలియదు.

తెలుగులో 'తోడు' మంచి మాట. పాలల్లో వేసేదీ తోడే, తోడికోడలూ తోడల్లుడూ ఉన్నారు, తోడబుట్టినవాళ్ళున్నారు. వీళ్ళెవరూ అశక్తుడికి కాపలా కాదు. ఇంగ్లీషు ఎస్కార్ట్‌ది ఇంకో తమాషా. మంత్రిగారి కారుకి ముందూ వెనకా ఎస్కార్ట్ ఉంటుంది, అయినా ఆయన తోడు లేకుండా ప్రయాణించలేడని ఎవరూ సర్టిఫికెట్ రాయరు. ఆయనకది హోదా, నాకది లోపం.

మాట మార్చడం సాధ్యమే. జర్మనీలో వికలాంగుల కార్డు మీద 'బి' అనే అక్షరం ఉంటే వెంట వచ్చేవాళ్ళకి రైల్లో టికెట్ అక్కర్లేదు. పాత కార్డుల మీద, నిరంతరం తోడు అవసరమని రుజువైంది అన్న అర్థంలో ఒక వాక్యం ఉండేది. తర్వాత దాన్ని, తోడు తీసుకెళ్ళే హక్కు రుజువైంది అని మార్చారు. ఆ హక్కు ఉన్నంత మాత్రాన, తోడు లేనప్పుడు ఆ మనిషి తనకో ఇతరులకో ప్రమాదమని అర్థం కాదని చట్టంలోనే రాశారు. వాడుకోవచ్చు, మానేయవచ్చు. ఇవాళ మానేశాడని రేపు ఎవరూ అడగరు.

మన దగ్గర 2018 ఫిబ్రవరిలో రాయితీ ఫారాల్లో పదాలు మార్చారు. వికలాంగులు దివ్యాంగజనులయ్యారు, అంధులు చూపు పూర్తిగా లేనివారయ్యారు. విశేషణాలన్నీ మారాయి. 'ప్రయాణించలేడు' మాత్రం మారలేదు.