ఆకాశరామన్నకు సంఘసభ్యత్వము లేదు

శ్రమకాలము సమీపించుచున్నది గనుక ఉపవాసమును గూర్చి వ్రాసి గురువారములోగా పంపుమని సంపాదకులు సెలవిచ్చిరి. మాంసము మానుట, పూలు మానుట అందరును చెప్పునవే. నేను మానుమని కోరునది ఆకాశరామన్న ఉత్తరమును.

సంఘపెద్దలుగా నుండిన వారెల్లరును ఆ ఉత్తరము నెరుగుదురు. కవరుమీద బిషప్పుగారి చిరునామా. దస్తూరి పోల్చకుండుటకై ఎడమచేత గీసిన వంకర అక్షరములు. లోపల రెండు పుటల నిండ అయ్యగారిమీదను, కోశాధికారిమీదను అభియోగములు. అడుగున సంతకమునకు మారుగ ‘ఇట్లు, సంఘ శ్రేయోభిలాషి’. నేడు తపాలా బిళ్ళ ఖర్చును తప్పినది. అర్ధరాత్రి వాట్సాప్ గ్రూపులో పడిన మాట ఆరాధన గంట మ్రోగులోపల ఊరంతయు చుట్టివచ్చును.

సంఘములో తగవు పుట్టుట వింత గాదు. పెంతెకొస్తు వేడి చల్లారకమునుపే యెరూషలేములో అనుదిన పరిచర్యయందు తమ విధవరాండ్రను చిన్నచూపు చూచిరని గ్రీకుభాషవారు సణిగిరి. అపొస్తలులు ఆ సణుగుడును అవిశ్వాసమని గద్దింపక, శిష్యుల సమూహమునంతను పిలిచి ఏడుగురిని ఏర్పరచుకొనుడనిరి. స్తెఫను మొదలు నీకొలాసు వరకు ఆ ఏడు పేర్లును గ్రీకు పేర్లే యగుటచే, ఫిర్యాదు చేసిన పక్షమువారికే పంపకము నప్పగించిరని నాకు తోచుచున్నది. మన పాస్టరేటు కమిటీలలో ఎన్ని, లెక్క అడిగినవాని చేతికే పెట్టె తాళపుచెవి నిచ్చినవి?

పౌలు బర్నబాల వాదము మీరెరిగినదే. వారు వేరైపోయిరి, నిజమే. కాని ఒకరి ముఖముమీద నొకరు చెప్పుకొని వేరైరి గనుకనే కాబోలు, ఏ మార్కును వెంట తీసికొని పోనొల్లక పౌలు అంత పట్టుపట్టెనో, ఆ మార్కునే తోడుకొని రమ్మని తన చివరి దినములలో తిమోతికి వ్రాయగలిగెను.

మార్పు వచ్చినపుడు తగవునకు తోడు కాలమును కావలెను. 1919లో తరంగంబాడిలో దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు మొదలగువారు ఆరంభించిన ఐక్యప్రయత్నము 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రలులో దక్షిణ ఇండియా సంఘముగా ఫలించుటకు 28 ఏండ్లు పట్టెను. బిషప్పు హస్తనిక్షేపణము లేని పాత బోధకుల అభిషేకము చెల్లునా యను ఒక్క ప్రశ్నయే ఎన్ని సమావేశములను మ్రింగెనో! అజరయ్యగారు 1945 జనవరి 1న పరమపదించిరి గాన ఆ దినమును చూడలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ విశ్వాసులనేకులు ఆ ఐక్యములో నాడు చేరక వెలుపలనే నిలిచిరి. వారి నిర్ణయము నాకు నచ్చలేదు. అయినను తమ అసమ్మతిని పేరుపెట్టి చెప్పి నిలిచిన వారిని, చేరినట్లు నటించి లోలోన త్రవ్వు వారికంటె నేను గౌరవింతును.

ఆ పెద్దలు బిషప్పు పదవిని గూర్చి 28 ఏండ్లు కూర్చుండి మాటలాడగా, మనము కీబోర్డును గూర్చి అరగంట మాటలాడలేకున్నాము. హార్మోనియమును మూలకు నెట్టిన కుర్రవానికిని, గుడ్డ అట్ట వేసిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును ఒడిలో పెట్టుకొని, పల్లవి వినినంతనే కంటియద్దములు లేకయే పుట తీయగల అవ్వకును నడుమ ఎవరైనను మాట కలిపిరా? కుర్రవాడు ఆమెను పాతకాలపు మనిషి యని త్రోసివేయును. ఆమె పేర ఆమె అల్లుడు అయ్యగారి బదిలీకై అర్జీ పెట్టును. ఆ అవ్వ కోరినది వారమునకొక్క పాత కీర్తన మాత్రమే కావచ్చును.

అయ్యగార్లకును ఒక మాట. ప్రసంగపీఠమునుండి, పేరు చెప్పక, ఒకనిమీద వాక్యమును విసరుట కూడ ఆకాశరామన్న విద్యయే. ఆ క్షణమున తలలన్నియు ఏ బెంచీవైపు తిరుగునో మీకును తెలియును.

బలవంతునిచేత హింసపడిన స్త్రీనో బిడ్డనో ఒంటరిగ పోయి వానితో సమాధానపడుమనుట క్రూరత్వము. అట్టి నేరము పోలీసులకు తెలుపవలసినదే, బాధితుల పేరు దాచవలసినదే. నేను చెప్పునది కుర్చీల తగవు, పాటల తగవు, ఎన్నికల తగవు. వీటికి ప్రభువు చెప్పిన వరుస మత్తయి పదునెనిమిదవ అధ్యాయములో నున్నది: మొదట ఒంటరిగ, పిదప ఒకరిద్దరితో, ఆ తరువాతనే సంఘము. మనము మూడవ మెట్టునుండి, కొండొకచో కోర్టు మెట్టునుండియే, ఆరంభించుచున్నాము.

కావున వచ్చు సంస్కారపు ఆదివారమునకు ముందు, శనివారము సాయంకాలము, ఎవనిపై మీకు మనసు విరిగినదో అతని యింటికి పొండు. ఫోను ఇంటనే ఉంచి పొండు.