గోడకు చెమ్మ, గుండెకు మచ్చ

ఇంట్లో దైవప్రవక్త (సఅసం) ఏం చేసేవారని అడిగితే, ఆయన తన చెప్పులు తానే బాగుచేసుకునేవారని, బట్టలు తానే కుట్టుకునేవారని, ఇంటిపనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. కనుక పాడైనదాన్ని బాగుచేయడం చిన్నతనం కాదు, సున్నత్.

సోదర సోదరీమణులారా! వానాకాలంలో మన ఇళ్ళ గోడలను చూడండి. స్లాబు మీద ఎక్కడో సన్నని పగులు ఏర్పడుతుంది. నీరు అందులోంచి మెల్లగా దిగి, గోడ మీద చెమ్మగా కనిపిస్తుంది. పండుగ దగ్గరపడిందని మనం ఆ చెమ్మ మీదే రంగు వేయిస్తాం. నాలుగు రోజులు గోడ మెరుస్తుంది. మళ్ళీ వాన పడగానే రంగు పొరలుగా ఊడిపోతుంది. పని తెలిసిన మేస్త్రీ ముందు డాబా ఎక్కుతాడు. పగులు వెదికి పూడుస్తాడు. గోడ ఆరాకే రంగు డబ్బా తెరుస్తాడు.

పాపం చేసిన దాసుని హృదయంపై నల్లని మచ్చ పడుతుందని, తౌబా చేస్తే అది తొలగిపోతుందని, పాపాలు పెరిగితే ఆ మచ్చ హృదయమంతా కమ్ముకుంటుందని హదీసు బోధిస్తోంది. ‘చిన్న పాపమే కదా’ అనుకుంటాం. వాషరు అరిగిన కొళాయి సెకనుకొక చుక్క కారినా రోజుకు 86,400 చుక్కలు పోతాయి! పాపాన్ని మానుకోవడం, పశ్చాత్తాపపడటం, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవడం, ఎవరి హక్కయినా కాజేసి ఉంటే తిరిగి ఇవ్వడం - పగులు పూడ్చే పని ఇదే. ఇది చేయకుండా పైకి కనిపించే భక్తి, చెమ్మ మీద వేసిన రంగు లాంటిది.

ఇక మన కుటుంబాల సంగతి చూద్దాం. రమజాన్ వస్తుందంటే ఇంటికి సున్నాలు, తలుపులకు మరమ్మతులు చేయిస్తాం. కానీ ఆస్తి పంపకాల్లో మాట పట్టింపు వచ్చి అన్నదమ్ములు ఏళ్ళ తరబడి సలాము చేసుకోని ఇళ్ళు ఎన్ని లేవు! సాటి ముస్లింతో మూడు రోజులకు మించి మాటలు మానడం ధర్మసమ్మతం కాదని, ముందుగా సలాము చేసినవాడే ఉత్తముడని ప్రవక్త (సఅసం) ఉపదేశించారు. చెడిన సంబంధాలను చక్కదిద్దడాన్ని ఇస్లాహ్ అంటారు. అది నఫిల్ నమాజు, ఉపవాసాల కంటే గొప్పదని పండితులు హదీసు వెలుగులో వివరించారు.

‘తప్పు వాడిది, నేనెందుకు వెళ్ళాలి?’ అంటారా? కహఫ్ సూరాలోని గోడను గుర్తుచేసుకోండి. హజ్రత్ మూసా (అలైహి), హజ్రత్ ఖిజర్ (అలైహి) ఒక ఊరికి వెళ్ళి అన్నం అడిగితే ఆ ఊరివాళ్ళు పెట్టలేదు. అదే ఊళ్ళో కూలబోతున్న గోడను ఖిజర్ (అలైహి) కూలి కూడా తీసుకోకుండా నిలబెట్టారు. దాని కింద ఇద్దరు అనాథ బాలల నిధి ఉంది. వారి తండ్రి సజ్జనుడు. మన మధ్య కూలిపోతున్న గోడ కింద కూడా మన పిల్లల నిధి ఉంది. పెదనాన్న, బాబాయి, మేనత్తల ప్రేమే ఆ నిధి. పెద్దల పంతం వల్ల అది పిల్లలకు దక్కకుండా పోకూడదు.

ఈ రోజే ఆ ఇంటి గడప తొక్కండి. ముందు మీరే సలాము చెప్పండి.

అల్లాహ్ మన హృదయాలను శుభ్రపరచి, తెగిన బంధాలను కలిపే భాగ్యం మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.