సారథి ఋణము

ఋణములు పెక్కు విధములు. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడింటిని మన శాస్త్రములు ప్రధానముగా పేర్కొన్నవి. ఇవి గాక, మనకు తెలియకయే దినదినము మన తలకెక్కు చిన్న ఋణములు కొన్ని కలవు. మనము నిద్రించుచుండగా తాను మేల్కొనియుండి, మనలను ఒక ఊరినుండి మరియొక ఊరికి క్షేమముగా చేర్చు బస్సు డ్రైవరుపట్ల మనకు గల ఋణము అట్టిది. టిక్కెట్టు కొన్నంతమాత్రమున ఆ ఋణము తీరినదా? ఈ ప్రశ్న పైకి స్వల్పముగా తోచవచ్చును గాని, విచారించినకొలది దీని లోతు తెలియును.

మా రఘునాథపల్లి హైదరాబాదు–వరంగల్లు రహదారిపై నున్నది. జనగామ, ఆలేరుల మీదుగా యాదగిరిగుట్ట శ్రీలక్ష్మీనరసింహస్వామి దర్శనమునకు పోవుట మా ప్రాంతమువారికి పరిపాటి. కొన్ని సంవత్సరములకు పూర్వము కార్తికమాసమున నేనును అట్లు పోవుచుంటిని. కిటికీప్రక్కన కూర్చుండి విష్ణుసహస్రనామ పారాయణము చేసికొనుచుండగా బస్సు ఒక్క కుదుపుతో ఆగినది. చేతిలోని పుస్తకము క్రిందపడినది. ముందు సీటు కడ్డీకి నుదురు తగిలినది. కోపము నాపుకొనలేక, "మనుషులను తీసుకపోతున్నవా, బస్తాలనా?" అని డ్రైవరును గట్టిగా అడిగితిని. అతడు వెనుకకు తిరుగలేదు, బదులు పలుకలేదు. కిటికీలోనుండి చూడగా, తప్పించుకొనిన లేగదూడ వెంట పరుగెత్తుచు ఒక పిల్లవాడు అప్పుడే రోడ్డు దాటిపోవుచుండెను.

బస్సు మరల కదలినది. తరువాతి ఊరిలో దిగవలసిన వృద్ధురాలొకతె, మూటను చంకన పెట్టుకొని డ్రైవరు సీటువద్దకు పోయి, "నీ కడుపు సల్లగుండ బిడ్డా, పిలగాని పాణం నిలబెట్టినవ్" అని దీవించి దిగిపోయెను. ఆ మాట విన్న పిదప నాకు పారాయణము సాగలేదు. ఆమె చేతిలో పుస్తకము లేదు. నా నోట భగవన్నామము లుండగానే, ఆ నోటినుండియే కఠినవాక్యము వెడలినది. గుట్టవద్ద దిగునపుడైనను ఆ డ్రైవరుతో ఒక మంచిమాట పలుకవలసినది. సిగ్గు అడ్డుపడినది. తల వంచుకొని దిగిపోతిని. ఆ మాట నాకు నేటికిని బాకీగానే మిగిలినది.

ఆనాడు నేను పఠించిన నామములలో ‘కృతజ్ఞః’ అనునది యొకటి. పత్రపుష్పాదులవంటి అల్పవస్తువులను సమర్పించినవారికిని మోక్షము నొసగువాడు గనుక భగవానుడు కృతజ్ఞుడని శంకరభగవత్పాదులు వ్యాఖ్యానించిరి. వాల్మీకిమహర్షి నారదుని ప్రశ్నించునపుడు ఎన్నిన ఉత్తమగుణములలోను కృతజ్ఞత కలదు. సర్వము తనదే యైన స్వామి ఒక తులసీదళమును మరువడట! అన్నిటికిని పరులపై ఆధారపడిన మనము, ప్రాణములను చేతబట్టి నడిపినవానిని దిగిన మరుక్షణమే మరచుట యెట్టి వైష్ణవత్వము?

"డ్రైవరునకు జీతము లేదా? మనము చార్జీ చెల్లించలేదా? ఇంక ఋణమెక్కడిది?" అని కొందరు అడుగుదురు. ఆ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. కాని టిక్కెట్టుపైనున్న రూపాయలు దూరమునకు వెల. మలుపుకడ వేగము తగ్గించిన వివేకమునకు, తెల్లవారుజామున రెప్పవేయక చూచిన చూపునకు, అడ్డువచ్చిన పిల్లవానికై తొక్కిన బ్రేకునకు ఏ టిక్కెట్టుమీదను వెల వ్రాయబడలేదు. తెలంగాణములో 2023 డిసెంబరు 9వ తేదీనుండి మహాలక్ష్మి పథకము క్రింద స్త్రీలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో చార్జీ లేకుండ ప్రయాణించుచున్నారు. వారి టిక్కెట్టుపై సున్న యుండును. సున్న టిక్కెట్టు గల తల్లిని, పూర్తి చార్జీ ఇచ్చిన పెద్దమనిషిని ఒకే బస్సులో, ఒకే జాగ్రత్తతో డ్రైవరు గమ్యము చేర్చుచున్నాడు. జాగ్రత్త చార్జీనిబట్టి వచ్చునదైనచో ఇట్లు జరుగదు గదా! కావున చార్జీ లెక్క వేరు, కృతజ్ఞత లెక్క వేరు.

మహాభారతమున శల్యపర్వములోని ఒక ఘట్టము ఇచట స్మరణీయము. యుద్ధము ముగిసి రథము శిబిరము చేరినపుడు, గాండీవమును అమ్ములపొదులను తీసికొని ముందుగా దిగుమని, తాను తరువాత దిగుదునని శ్రీకృష్ణుడు అర్జునునితో చెప్పెను. అర్జునుడు దిగెను. పగ్గములు విడిచి స్వామి దిగినంతనే ధ్వజముపైనున్న కపి అంతర్ధానమయ్యెను. రథము అందరును చూచుచుండగా భస్మమయ్యెను. ద్రోణకర్ణుల అస్త్రములచే ఆ రథము పూర్వమే దగ్ధమైనదనియు, తాను కూర్చుండుటచేతనే అంతవరకు నిలిచినదనియు స్వామి తెలిపెను. అంతటి అర్జునునికే తాను కూర్చున్న రథము ఏ స్థితిలో నున్నదో తెలియలేదు. మన సంగతియు నంతే. మనకు తగిలిన కుదుపు తెలియును. తప్పిన ఆపద తెలియదు. కనుకనే కుదుపునకు కోపించుట సులభము, ఆపద తప్పించినవానికి నమస్కరించుట దుర్లభము. చెన్నపట్టణమున తిరువల్లిక్కేణిలో వేంచేసియున్న పార్థసారథిస్వామి ఉత్సవమూర్తి ముఖమున, భీష్ముని బాణముల గాయములుగా భావించు మచ్చలను భక్తులు నేటికిని సేవించుచున్నారు. రథికునికి తగులవలసిన దెబ్బను ముందుగా సహించువాడు సారథియే.

ఇక సారథిని ఎట్లు వీడుకొనవలెనో శ్రీరామచంద్రుడు ఆచరించి చూపెను. సుమంత్రుడు గంగాతీరమువరకు రథము నడిపెను. అచటనుండి రథముతో పనిలేదు. తనను గూడ వనమునకు తీసికొనిపొమ్మని అతడు ప్రాధేయపడెను. ఇక్ష్వాకువంశమునకు అతనితో సమానుడైన హితుడు లేడని రాముడు ఆదరముతో పలికి, అయోధ్యకు మరలిపోవలసిన కారణమును వివరించి, ఊరడించి పంపెను. రాజ్యమును విడిచి అడవికి పోవుచున్నవానికి తన కష్టమే చాలును. అట్టివేళను సారథి మనసు నొవ్వకుండ మాటలాడుట రామునికే చెల్లినది. ఇంటికి సుఖముగా చేరుచున్న మనకు ఒక మాట పలుకుట అంత బరువా?

ఈ మర్యాద మన పల్లెలకు క్రొత్తది కాదు. మా బాల్యమున ఎడ్లబండిపై పెండ్లికో జాతరకో పోయినపుడు, చేరినంతనే ఎడ్లకు నీరుపెట్టి గడ్డివేయుట, బండి తోలినవానికి అన్నము పెట్టించుట ఇంటిపెద్ద బాధ్యతగా నుండెను. ఈ ప్రాంతమున 1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. క్రమముగా బండ్లు పోయి బస్సులు వచ్చినవి. బండివాడు మన ఊరివాడు, పేరు తెలిసినవాడు. డ్రైవరు పేరు మనకు తెలియదు. మన మాటలన్నియు టిక్కెట్టిచ్చు కండక్టరుతోనే. డ్రైవరు వీపును చూచుటయే గాని ముఖమును చూచుట అరుదు. ముఖము చూడనిచోట మర్యాద సన్నగిల్లుట సహజము.

అయినను వరుసలు కలిపి పిలుచు మన అలవాటు పోలేదు. "అన్నా, జర ఆపన్నా!" అని కేక వేయని ప్రయాణికుడు మా వైపు లేడు. మన ఇండ్లలో అన్నకు, తమ్మునికి ధన్యవాదములు చెప్పుట ఆచారము కాదు; చెప్పినచో పరాయితనముగా నుండును. ఆ వరుసయే మన మర్యాద. కాని ఎక్కునపుడు అన్నయైనవాడు దిగునపుడు ఎవరునుగాక పోవుట, ఆపనిచోట తిట్లకు పాత్రుడగుట, ఆ వరుసకే అవమానము.

ఇతర దేశముల ఆచారములు గూడ గమనింపదగినవి. బ్రిటను, ఐర్లండు దేశములలోని అనేక పట్టణములలోను, న్యూజిలాండులోను ప్రయాణికులు దిగుచు డ్రైవరుకు ధన్యవాదము చెప్పుట వాడుక. లండను నగరమున ముందు ద్వారమున ఎక్కి, మధ్య ద్వారమున దిగు బస్సు లుండుటచేత ఆ మాట అంతగా వినబడదు. ద్వారము దూరమైనంతనే మాటయు దూరమైనది! జపానులో పెక్కుచోట్ల డ్రైవరుప్రక్కనున్న పెట్టెలో చార్జీ వేసి ముందు ద్వారమున దిగుదురు. డ్రైవరే ప్రయాణికులకు ధన్యవాదములు పలుకుచుండును. ఇవన్నియు యాంత్రికములని కొందరు ఆక్షేపింతురు. నిజమే, కొన్నిసార్లు యాంత్రికము కావచ్చును. మన నిత్యసంధ్యావందనము గూడ కొన్ని దినములు యాంత్రికముగానే జరుగును. అంతమాత్రమున విడువము. అలవాటు ద్వారమును తెరచి యుంచును. ఏదో యొకనాడు భావము లోనికి వచ్చును.

మర్యాద ఏకపక్షమైనచో నిలువదు. ముసలివారు ఎక్కి నిలదొక్కుకొనువరకు బస్సును కదల్పకుండుట, చేయెత్తిన విద్యార్థులను చూచి ఆపుట, విసుగును మాటలో చూపకుండుట డ్రైవరుల ధర్మములు. అట్టివారు పెక్కుమంది కలరు. ఆయుధపూజనాడు బస్సునకు పసుపు కుంకుమలు పెట్టి, పూలమాల వేసి, చక్రముల క్రింద నిమ్మకాయ లుంచుదుము. యంత్రమునందు దేవతను చూడగల మనకు, ఆ యంత్రమును నడుపువానియందు అంతర్యామిగా నున్న స్వామి కనబడకుండునా?

ఆనాటి డ్రైవరు ఎవరో నాకు తెలియదు. మరల కనబడినను గుర్తింపజాలను. అందుచేత నేటికిని ఏ బస్సు దిగినను ఒక్క క్షణమాగి, "చల్లగ ఉండు నాయనా" అని చెప్పుచున్నాను. కొందరు ఆశ్చర్యముతో చూతురు, కొందరు నవ్వుదురు. ఒకరిద్దరు స్టీరింగుపైనుండి చేయి తీసి నమస్కరించిరి. ఒకనికి పడిన బాకీని మరియొకనికి చెల్లించుచున్నానేమో! ఈ మాసపత్రికను చదువు భక్తులలో పెక్కుమంది బస్సులలోనే క్షేత్రములకు పోవువారు. స్వామిదర్శనము చేసికొని వచ్చిన నోటితో, మనలను దర్శనమునకు చేర్చినవానిని ఒక మంచిమాటతో పలుకరింతము. కృతజ్ఞుడను నామము గల శ్రీమన్నారాయణుడు ఆ మాటను తన సేవగా స్వీకరించుగాక.