ఇది నిజమేనా, అయ్యగారూ?

ధ్యాన భాగములు: యోబు 13:1-12, లూకా 1:1-4, 1 కొరింథీయులకు 15:1-20



మా పాస్టరేటులోని ఒక పల్లెనుండి వృద్ధురాలైన ఒక తల్లిని కంటి ఆపరేషను నిమిత్తము హైదరాబాదునకు తోడుకొని పోవలసివచ్చెను. డిగ్రీ చదువుచున్న ఆమె మనుమడు కూడ వెంట వచ్చెను. డాక్టరుగారు పరీక్ష చేసి మరునాటి ఉదయము రమ్మనిరి. ఇక సాయంకాలమువరకు మాకు పనిలేదు. పురానాపూల్ ఎన్నడును చూడలేదని మనుమడు అనగా, ముగ్గురమును పాతబస్తీకి పోతిమి.

పురానాపూల్ అనగా పాత వంతెన. హైదరాబాదులో మూసీ యేటిమీద కట్టబడిన మొదటి వంతెన ఇదే. గోల్కొండ సుల్తానైన ఇబ్రహీం కుతుబ్ షా 1578లో దీనిని కట్టించెను. హైదరాబాదు నగరమునకు పునాది పడినది 1591లో గనుక, ఊరు పుట్టకమునుపే వంతెన పుట్టినదని చెప్పవచ్చును. ఇరువదిరెండు రాతి కమానులమీద అది నిలిచియున్నది. మేము పోయిన దినమున దానిమీద కూరగాయలు అమ్మువారు వరుసగా కూర్చొనియుండిరి. కొత్తిమీర వాసనయు, క్రింద మూసీలోని మురుగు వాసనయు కలిసి వచ్చుచుండెను.

ఊరక నడచుట ఎందుకని, అందరు చెప్పుకొను కథను మేము ఆ తల్లికి చెప్పితిమి. సుల్తాను కుమారుడైన మహమ్మద్ కులీ ఏటి ఆవలి గట్టున చిచ్లం అను పల్లెలోనున్న భాగమతిని ప్రేమించెను. ఒకనాడు ఏరు పొంగి పారుచున్నను ఆమెకొరకు గుఱ్ఱముతో నీటిలో దిగెను. తండ్రి ఆ సంగతి విని భయపడి, కుమారుని ప్రాణము కాపాడుటకే ఈ వంతెన కట్టించెను. బోధకులకు కథ దొరికిన విడిచిపెట్టరు గదా! మేము దానిని బాగుగానే చెప్పితిమి. ఆ తల్లి నోరు తెరచుకొని వినెను.

మనుమడు మాత్రము నవ్వెను. “అయ్యగారూ, మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంల. వంతెన 1578ది. అప్పటికి ఆయనకు పన్నెండో పదమూడో ఏండ్లు గదా?” అనెను.

“గంత చిన్న పోరగాడు ఏట్ల దునికిండా?” అని అవ్వయు నవ్వెను. మేమును నవ్వితిమి. పది అడుగులు నడచిన తరువాత ఆమె నిలిచిపోయి, వంతెన గోడమీద చెయ్యి ఆనించి, మావైపు చూడకయే ఇట్లు అడిగెను: “అయ్యగారూ, మా కొడుకు బొంద కాడ మీరు చెప్పిన్రు సూడు, మల్ల లేస్తడని. గది నిజమేనా? మా మనసు నిమ్మలం జెయ్యనీకె చెప్పిన్రా?”

ఆమె ఏకైక కుమారుడు ఆ మనుమని తండ్రి. పోయిన సంవత్సరము అతనిని సమాధి చేసినప్పుడు పునరుత్థాన వాక్యము చదివినవారము మేమే.

ప్రియులారా, ఆ ప్రశ్న మమ్మును ఎందుకు అంతగా పొడిచెనో చెప్పవలెను. మూడు సంవత్సరముల క్రిందట ఆ తల్లి గ్రామములోనే ఉజ్జీవ కూటములు జరిగెను. అందులో మేమొక సాక్ష్యము చెప్పితిమి. దూరపు ఊరిలో షుగరు వ్యాధిగల ఒకడు ప్రార్థనచేత సంపూర్ణ స్వస్థత పొంది మందులన్నియు పారవేసెనని దాని సారాంశము. అతనిని మేము చూడలేదు. మరియొక బోధకుని నోట విని, విన్నదానికి కొంత రంగు పూసి చెప్పితిమి. కూటమంతయు కదలెను; అనేకులు కన్నీళ్లతో ప్రార్థించిరి. తరువాత తెలిసినదేమనగా, మందులు మానిన ఆ మనుష్యునికి కాలు కుళ్లి, మోకాలి క్రిందికి తీసివేయవలసివచ్చెను. ఆ వార్త ఆ గ్రామమునకును చేరెను. దానిని గూర్చి మేము మరల నోరెత్తలేదు, ఎవరును మమ్మును అడుగలేదు. మరచిరనుకొంటిమి. ఆ తల్లి మరువలేదు. ఒక కూటములో చెప్పినది అట్లయినప్పుడు, సమాధియొద్ద చెప్పినది ఎట్టిదో అని ఆమె మనస్సులో తూచుచు వచ్చినది.

ఆమెకు ఏమి ఉత్తరమియ్యవలెను? ఈ కాలమున సులభమైన ఉత్తరమొకటి అందరి నోటను ఉన్నది. ఎవరి నమ్మకము వారిది, నిజమో కాదో మనకెందుకు, నమ్మి నెమ్మది పొందితే చాలును అని. చదువుకొన్నవారు దీనిని గొప్ప మాటలతో చెప్పుదురు. టీ కొట్టు దగ్గర చిన్న మాటలతో చెప్పుదురు. మన సంఘములలో కొందరు విశ్వాసమనగా ఇదియేనని తలంచుచున్నారు. ఎంత గట్టిగా కన్నులు మూసికొని నమ్మిన అంత గొప్ప విశ్వాసమని వారి యెంచిక.

వ్యవసాయము చేయు మీరు దీనిని ఒప్పుకొందురా? నకిలీ పత్తి విత్తనములు కొని మోసపోయిన రైతులు మన జిల్లాలలో ఎందరో ఉన్నారు. వారికి నమ్మకము తక్కువై పంట పోయెనా? పూర్ణ నమ్మకముతోనే చల్లిరి, అప్పుచేసి ఎరువులు వేసిరి. విత్తనములో ప్రాణము లేదు గనుక చేను మొలవలేదు. అట్లే, గట్టు తగాదా వచ్చి సర్వేయరు గొలుసు పట్టుకొని వచ్చినప్పుడు, నీకు నీ హద్దు నిజము, అతనికి అతని హద్దు నిజమని చెప్పి వెళ్లినయెడల మీరు ఊరకుందురా? రెండు గుంటల భూమి విషయములో ఒప్పుకొనని మాటను నిత్యజీవము విషయములో ఎట్లు ఒప్పుకొందుము?

అపొస్తలుడైన పౌలు దీనిని ఒప్పుకొనలేదు. కొరింథు సంఘములో మృతులు లేవరని కొందరు చెప్పగా, పోనీలే, క్రీస్తు బోధలు మంచివి గదా, వాటిని పట్టుకొనుడని ఆయన సర్దిచెప్పలేదు. క్రీస్తు లేవనియెడల మా ప్రకటనయు మీ విశ్వాసమును వట్టివని, మీరింకను మీ పాపములలోనే యున్నారని, చనిపోయిన విశ్వాసులు నశించిరని వ్రాసెను. అంతేకాదు, దేవుడు చేయనిదానిని చేసెనని చెప్పినందున తాము అబద్ధ సాక్షులగుదుమని కూడ ఒప్పుకొనెను (1 కొరింథీ 15:14-18). ఈ పదునైదవ వచనమును బోధకులమైన మేము ఎక్కువగా చదువము. దేవునికి మేలు చేయుచున్నామనుకొని చెప్పిన అబద్ధమును పౌలు దేవునికి విరోధమైన సాక్ష్యముగా ఎంచెను.

అయితే నిజమనునది ఉన్నను, దానిని మనము ఎరుగగలమా? మనుమడు తరువాత మమ్మును అడిగినది ఇదే. రెండువేల సంవత్సరముల క్రిందటి సంగతి గదా అనెను. ఆ ప్రశ్నకు పురానాపూల్ కొంత సహాయము చేసినది. భాగమతి అను స్త్రీ నిజముగా ఉండెనా అని చరిత్రకారులు చాలకాలము వాదించిరి. హరూన్ ఖాన్ షేర్వానీగారు అది కట్టుకథయనిరి. నరేంద్ర లూథర్‌గారు కాదు, ఆమె ఉండెననిరి. గమనింపుడి: ఇద్దరును పాత వ్రాతలు వెదకిరి, ఎవరు ఎప్పుడు వ్రాసిరో చూచిరి, తేదీలు సరిచూచిరి. మీ భాగమతి మీకు, మా భాగమతి మాకు అని లేచిపోలేదు. వెదకినయెడల కొంత తెలియుననియే వారి వాదము. వంతెన కథయైతే పిల్లవాని వయస్సు లెక్కకే తడబడెను. వంతెన మాత్రము నిలిచియున్నది! 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి దాదాపు 15,000 మందిని పొట్టన పెట్టుకొన్నప్పుడు తక్కిన వంతెనలు తెగిపోయినను ఇది తెగలేదు. కథను నమ్మినవారును నమ్మనివారును ఆ రాళ్లమీదనే దాటిరి.

ఆ వరద తరువాత 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. ఆయన నగర ప్రజలను ఓదార్పు మాటలతో సరిపెట్టలేదు. ఎంత వాన కురిసెనో, ఏటిలో ఎంత నీరు పారెనో లెక్క కట్టి, ఊరికి ఎగువను జలాశయములు కట్టవలెనని చెప్పిరి. ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియాయెను.

సువార్తికుడైన లూకా ఆ జాతివాడే. తన గ్రంథము మొదటి నాలుగు వచనములలో తాను ఏమి చేసెనో చెప్పుచున్నాడు. కన్నులార చూచినవారు అప్పగించిన సంగతులను మొదటినుండి విచారించి వరుసగా వ్రాసెను. థెయొఫిలకు మనస్సు చల్లబడవలెనని కాదు, అతడు నేర్చుకొన్న సంగతులు నిశ్చయమైనవని తెలిసికొనవలెనని వ్రాసెను. పౌలు కూడ పేరులు చెప్పుచున్నాడు: కేఫా, పండ్రెండుగురు, యాకోబు. మరియు ఒక్కసారియే ఐదువందలకు మించిన సహోదరులు చూచిరనియు, వారిలో ఎక్కువమంది ఇంకను బ్రదికియున్నారనియు వ్రాయుచున్నాడు. అనగా సందేహమున్నయెడల పోయి అడుగుడని భావము. ఆ పత్రిక వ్రాయబడినది సిలువ తరువాత ఇంచుమించు ఇరువది, ఇరువదియైదు సంవత్సరములకు. 2000వ సంవత్సరము ఆగష్టు నెలలో హైదరాబాదును ముంచిన వానను ఎరిగినవారు నేడును ఎందరో ఉన్నారు. ఆ వాన కురియనేలేదని ఎవడైనను ఇప్పుడు వ్రాసినయెడల ఆ నగరమే లేచి కాదనును. పౌలు వ్రాసినది అట్టి దినములలో.

ఆ తల్లితో మేము ఇంత చెప్పలేదు. ఆమెకు ఒక్క సంగతి చెప్పితిమి. సమాధి ఖాళీగా నున్నదని మొదట వచ్చి చెప్పినవారు స్త్రీలు. అపొస్తలులు వారి మాటలను వెఱ్ఱిమాటలుగా ఎంచి నమ్మలేదు (లూకా 24:11). కథ అల్లువాడు తన నాయకులను అంత అవిశ్వాసులుగా వ్రాసికొనునా? జరిగినది గనుక, తమకు సిగ్గయినను, అట్లే వ్రాసిరి. “ఆడోళ్ల మాట ఎన్నడు నమ్మిన్రు?” అని ఆమె అనెను. ఇదియే మాకు కొంత ధైర్యమిచ్చెను.

సత్యము ఒక్కటియేనని చెప్పుట పొరుగువారిని కించపరచుట గదా అని అడుగువారున్నారు. పాతబస్తీలో ఈ మాట ఊరక పోనిచ్చునది కాదు. మసీదు, గుడి, చర్చి దగ్గర దగ్గరగా ఉన్నవి. మేము కాకరకాయలు కొన్న ముసలాయన ముసల్మాను. ఆయన తరాజులోని కిలో రాయి మాకును, మా తరువాత వచ్చిన హిందూ స్త్రీకిని ఒక్కటే. రాయి అందరికి ఒక్కటైనందుననే మేము ఒకరినొకరము నమ్మి బేరము చేయగలిగితిమి. అయితే ఆ రాయి మాది కాదు. మమ్మును కూడ అదే తూచును. క్రైస్తవుడు సత్యమును తన ఆస్తివలె పట్టుకొని ఇతరుల తలమీద కొట్టిన పాపము చేయుచున్నాడు. మన జ్ఞానము అసంపూర్ణమని, అద్దములో మసకగా చూచుచున్నామని పౌలే చెప్పెను (1 కొరింథీ 13:12). మసకగా చూచువాడు గ్రుడ్డివాడు కాడని కంటి ఆపరేషనుకు వచ్చిన ఆ తల్లికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి బసలో యోబు గ్రంథము తెరచితిమి. యోబు స్నేహితులు దేవుని పక్షముగా వాదించుటకు వచ్చినవారే. అయినను, దేవుని కొరకు మీరు అన్యాయముగా మాటలాడుదురా, ఆయన పక్షమున వంచన పలుకుదురా అని యోబు వారిని నిలదీసెను (యోబు 13:7). కట్టకడపట దేవుడు ఆ స్నేహితులమీదనే కోపించెను (యోబు 42:7). షుగరు వ్యాధి సాక్ష్యము చెప్పిననాడు మేము ఎవరి వరుసలో నుంటిమో అప్పుడు తేటగా కనబడెను. సమాధియొద్ద చెప్పినది నిజము. అయితే దానిని చెప్పిన నోటినే మేము పాడుచేసికొంటిమి. నకిలీ విత్తనము అమ్మిన కొట్టులోనే మంచి విత్తనమును పెట్టినయెడల ఎవడు కొనును?

ఆపరేషను చక్కగా జరిగెను. రెండు వారముల తరువాత ఆదివారమున ఆ గ్రామములో ఆరాధన జరిపించునప్పుడు, ప్రసంగమునకు ముందు నిలువబడి ఆ పాత సాక్ష్యము అబద్ధమనియు, విచారింపకయే చెప్పితిమనియు, ఆ మనుష్యునికి జరిగినది ఇదియనియు చెప్పితిమి. డాక్టరు ఇచ్చిన మందులు ఎవరును మానవద్దని కూడ చెప్పితిమి. సంఘము నిశ్శబ్దముగా నుండెను. ఆరాధన ముగిసిన తరువాత సంఘ పెద్దయొకరు మమ్మును ప్రక్కకు పిలిచి, ఇట్టివి బహిరంగముగా ఒప్పుకొనినయెడల బలహీనుల విశ్వాసము చెడునని మందలించిరి. ఆయన మాటకు అప్పటికి మాయొద్ద మంచి జవాబు లేకపోయెను.

ఆ తల్లి నల్ల కళ్లద్దములు పెట్టుకొని గుమ్మమునొద్ద మాకొరకు కనిపెట్టుకొనియుండెను. మా ఒప్పుకోలును గూర్చి ఏమియు అనలేదు. మనుమని చేతిలోని బైబిలు చూపి, “గా లూకాయన యాడికెల్లి మొదలువెట్టిండో గుర్తు వెట్టియ్యిండ్రి అయ్యగారూ. పోరడు రోజింత సదువుతడట, నేనింట” అనెను. మేము మొదటి అధ్యాయమునొద్ద దారపు పోగు పెట్టి ఇచ్చితిమి.