గ్లాసు మీద చెయ్యి

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడొకడు కొండాపూర్‌లో ఫ్లాట్ తీసుకున్నాడు. వచ్చే శనివారం మొదటి పార్టీ, పన్నెండు మంది వస్తారు. "అన్నా, ఏమేం తేవాలి, ఎంతెంత తేవాలి, కొంచెం చెప్పవా?" అని మెసేజ్ పెట్టాడు. నన్నే అడగడానికి కారణం ఉంది. ఈ విషయం మీద నా దగ్గర ఒక ఎక్సెల్ షీట్ ఉందని ఆఫీసులో చాలామందికి తెలుసు. పెళ్ళికానివాడి ఇల్లు ఊళ్ళో ఉన్న స్నేహితులందరికీ సత్రం లాంటిది. పుట్టినరోజులు, ప్రమోషన్లు, వీసా వచ్చిన సందర్భాలు, వీసా రాని సందర్భాలు, డిసెంబర్ 31లు, అన్నీ మా హాల్లోనే జరిగేవి. ప్రతి సిట్టింగ్‌లోనూ ఐస్ అయిపోవడం, సోడా మిగిలిపోవడం చూసి చూసి విసుగొచ్చి ఆ షీట్ తయారుచేశాను.

పంపుదామని తెరిచాను. దాన్ని తెరిచి చాలా రోజులైంది. పైనుంచి కిందికి చదువుతుంటే దాంట్లో ఒక కాలమ్ లేదని తట్టింది. అది లేకుండా పంపబుద్ధి కాలేదు.

ముందు ఉన్నవాటి సంగతి చెప్తాను. 750 మి.లీ. సీసాలో 60 మి.లీ. లార్జ్ పెగ్గులు పన్నెండున్నర వస్తాయి. మన దగ్గర అమ్మే విస్కీలు చాలావరకూ 42.8 శాతం. అంటే ఒక లార్జ్‌లో అసలు ఆల్కహాల్ సుమారు 26 మి.లీ. ఉంటుంది. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో, 8 శాతం లెక్కన, 52 మి.లీ. ఉంటుంది. "నేను తాగింది బీరే కదా" అనేవాడు ఒక్క సీసాతో రెండు లార్జ్‌లు లాగించేసినట్టే. అది ఒంట్లోంచి పోయే వేగం మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూగా గంటకి ఒక చిన్న పెగ్గు, అంటే 30 మి.లీ. అంతే. నిమ్మరసం, బ్లాక్ కాఫీ, చన్నీళ్ళ స్నానం, ఏదీ ఆ వేగాన్ని పెంచదు. రాత్రి ఎనిమిదింటికి మొదలుపెట్టి నాలుగు లార్జ్‌లు తాగినవాడి ఒంట్లోంచి అదంతా పోయేసరికి తెల్లవారుజామున నాలుగవుతుంది. బండి నడిపేవాడి రక్తంలో మన చట్టం ఒప్పుకునేది 100 మి.లీ.కి 30 మిల్లీగ్రాములు. పదకొండున్నరకి బిర్యానీ తిని, "ఇప్పుడు ఓకే రా" అని తాళాలు అందుకునేవాడు ఓకే కాదు. అసలు ఆ బిర్యానీ ఎనిమిదింటికే రావాలి. ఖాళీ కడుపు మీద మందు తొందరగా ఎక్కుతుంది. చివర్లో తిన్న తిండి అప్పటికే రక్తంలో కలిసినదాన్ని వెనక్కి లాగలేదు.

ఇవన్నీ షీట్‌లో ఉన్నాయి. ఐస్, సోడా, పల్లీలు, చికెన్ 65, అన్నిటికీ లెక్కలున్నాయి. పన్నెండు మంది వస్తారంటే పన్నెండు మందికీ "తలకి మూడు" అని ఫార్ములా ఉంది. తాగనివాడికి గడి లేదు. అలాంటివాడు ఒకడు వస్తాడని నేను ఊహించనేలేదు.

నాలుగేళ్ళ క్రితం నా ప్రమోషన్ పార్టీకి ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్ వచ్చాడు. హాస్టల్లో నాకు మొదటి బీరు మూత తీసి ఇచ్చిందే వాడు. ఎనిమిది నెలలుగా సిట్టింగులకి రావడం లేదు, ప్రాజెక్టు బిజీ అనుకున్నాను. ఆ రోజు గ్లాసు ముందు పెట్టగానే "వద్దురా" అన్నాడు. "ఒక్కటే, నాకోసం" అన్నాను. "నిజంగా వద్దురా." "కంపెనీ ఇవ్వనివాడివి ఎందుకొచ్చినట్టురా?" అన్నాను. అందరూ నవ్వారు. మూడోసారి వాడేమీ అనలేదు. గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. నేను నవ్వుతూనే ఆ చెయ్యి పక్కకి తీసి పోశాను.

ఆ రాత్రి ప్రమాదమేమీ జరగలేదు. వాడు మా సోఫాలోనే పడుకుని, పొద్దున్నే దోసె తిని వెళ్ళాడు. నెల తర్వాత టీ కొట్టు దగ్గర చెప్పాడు. ఆ ఎనిమిది నెలలూ డాక్టరు దగ్గరికి తిరుగుతూ మానేశాడట. నా పార్టీ తర్వాత మళ్ళీ మొదలైందట, ఈసారి రోజూ. "నువ్వు పోశావని కాదురా, తాగింది నేనే. కానీ నా చెయ్యి తీసేశావు చూడు..." అని ఆగిపోయాడు. మిగతాది చెప్పలేదు. టీ డబ్బులు వాడే ఇచ్చాడు.

ఈ సంగతి తెలిసిన మిత్రులు నన్ను ఓదార్చారు. "వాడు ముప్పై దాటినవాడు. నువ్వేమైనా గొంతులో పోశావా? నువ్వు గ్లాసులో పోశావు, వాడు నోట్లో పోసుకున్నాడు." ఈ వాదనలో బలం ఉంది. ప్రతి మనిషీ తన పనికి తానే బాధ్యుడు అనుకోకపోతే పెద్దవాళ్ళని పిల్లల కింద జమకట్టినట్టవుతుంది. నా రూమ్మేట్ కూడా "తాగింది నేనే" అనే అన్నాడు. ఆ మాట వాడి గౌరవం. దాన్ని లాక్కునే హక్కు నాకు లేదు.

కానీ వాడి బాధ్యత వాడు తీసుకున్నంత మాత్రాన నాది తీరిపోతుందా? బాధ్యతంటే హోటల్ బిల్లు కాదు కదా, ఒకరు కట్టేస్తే రెండోవాడు లేచి చేతులు కడుక్కోవడానికి.

ఈ ప్రశ్న తొలుస్తున్నప్పుడు చిన్నప్పటి కచుడి కథ గుర్తొచ్చింది. భారతం ఆదిపర్వంలో, మృతసంజీవని నేర్చుకోవడానికి శుక్రాచార్యుడి దగ్గర చేరిన కచుణ్ణి రాక్షసులు చంపి, కాల్చి, ఆ బూడిదని మద్యంలో కలిపి గురువుగారికే తాగిస్తారు. శిష్యుడు తన కడుపులోనే ఉన్నాడని శుక్రుడికి తర్వాత తెలుస్తుంది. అంతా అయ్యాక ఆయన, ఇకమీదట బ్రాహ్మణుడు మద్యం తాగితే మహాపాపం అని కట్టడి చేస్తాడు. చిన్నప్పుడు ఈ కథని "అందుకే తాగకూడదు" అనే నీతి కోసం చెప్పేవారు. ఇప్పుడు చదివితే ఇంకోటి కనిపిస్తోంది. ఆ కట్టడి తాగేవాడి మీదే. పోసినవాళ్ళ మీద శుక్రుడు శాశ్వతమైన నియమమేదీ పెట్టలేదు. అప్పట్నుంచి ఇప్పటిదాకా మన నీతులన్నీ దాదాపు అదే దారిలో ఉన్నాయి. తాగుబోతు గురించి సామెతలున్నాయి, సినిమా పాటలున్నాయి. పోసేవాడు ఎప్పుడూ మంచివాడే, చెయ్యి పెద్దదని పేరు కూడాను.

పోసేవాణ్ణి నిలదీసిన కోర్టు మాత్రం ఒకటుంది. మనవాళ్ళు బోలెడంత మంది ఉండే న్యూజెర్సీలోనే. 1984లో అక్కడి సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కేసులో, ఒకతను తన ఇంట్లో అతిథికి స్కాచ్ పోశాడు. వెళ్తుంటే కారు దాకా వచ్చి కబుర్లు చెప్పి, సాగనంపాడు. కాసేపాగి, ఇంటికి చేరాడో లేదోనని ఫోన్ చేశాడు. అతిథి భార్య ఫోనెత్తి, యాక్సిడెంట్ అయిందని చెప్పింది. ఎదురుగా వస్తున్న కారుని గుద్దాడు, ఆ కారులో ఉన్నావిడ తీవ్రంగా గాయపడింది. అతిథికి మత్తెక్కిందని తెలిసీ, బండి నడుపుతాడని తెలిసీ మందు పోస్తే, ఆ దారిలో దెబ్బతిన్నవాళ్ళకి ఇంటాయన కూడా జవాబుదారీయేనని కోర్టు తేల్చింది. నాకు తీర్పు కన్నా ఆ ఫోన్ కాల్ ఎక్కువగా గుర్తుండిపోయింది. "చేరగానే మెసేజ్ పెట్టరా" అని మనం లిఫ్ట్ దగ్గర అంటాం చూడండి, అదే. ఆయన చెడ్డవాడు కాదు, అతిథి మీద బెంగ ఉన్నవాడే. ఆ బెంగ కొంచెం ఆలస్యంగా మొదలైంది, అంతే.

ఆ తీర్పు రోడ్డు మీద దెబ్బతిన్న మూడో మనిషి గురించి. నా సోఫా మీద పడుకున్నవాడి గురించి ఏ కోర్టూ ఏమీ చెప్పలేదు. అది నాకు నేను తేల్చుకోవాల్సిందే.

మొదట్లో తప్పంతా మన మర్యాదల మీదకి తోశాను. అతిథి వద్దంటే మొహమాటపడుతున్నాడనుకుని మళ్ళీ వడ్డించే జాతి మనది. "వద్దు" అన్న మాటని వినపడనట్టు నటించడమే మన దగ్గర ఆప్యాయత. అలా పెరిగినవాణ్ణి, గ్లాసు దగ్గర మాత్రం వేరేలా ఎలా ఉంటాను అనుకున్నాను.

తర్వాతి ఉగాదికి అమ్మ హైదరాబాద్ వచ్చింది. రూమ్మేట్‌ని భోజనానికి పిలిచాను. పగలు పిలిస్తే వాడు వస్తాడు. అమ్మ పులిహోర వడ్డిస్తుంటే "చాలు ఆంటీ" అన్నాడు. అమ్మ ఆగలేదు, ఇంకో గరిటె వేసింది. "వద్దాంటీ, బాబోయ్" అన్నాడు. "ఈ వయసులో తినకపోతే ఎప్పుడు తింటావు నాయనా" అని ఇంకొంచెం వేసింది. మూడోసారి వాడు ఆకు మీదకి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. అమ్మ టక్కున ఆగి పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయింది. బలవంతం చెయ్యలేదు, నొచ్చుకోలేదు. నేను నీళ్ళ జగ్గు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అంటే మన మర్యాదకి చెవుడు లేదన్నమాట. నోటితో అన్న "వద్దు"కి ఒక అర్థం, ఆకు మీద పెట్టిన చేతికి ఇంకో అర్థం ఉంది. మా అమ్మ నోరు వింటుంది, చెయ్యి చూస్తుంది. నేను ఆ సంప్రదాయంలో సగమే నేర్చుకున్నాను, వడ్డించే సగం.

ఇంకో సంగతి కూడా ఉంది. అన్నం దగ్గర పొరపాటు చవక. ఆకలున్నవాణ్ణి మొహమాటానికి వదిలేస్తే ఓ ముద్ద తక్కువ తింటాడు. అక్కర్లేనివాడికి వేస్తే ఓ ముద్ద పారేస్తాడు. రెండూ చిన్నవే కాబట్టి బలవంతం అక్కడ అందంగా ఉంటుంది. గ్లాసు దగ్గర ఈ రెండు పొరపాట్ల ఖరీదూ ఒకటి కాదు. కావాలనుకున్నవాడికి నేను పోయకపోతే, సీసా అక్కడే ఉంది, వాడే పోసుకుంటాడు. వద్దనుకున్నవాడికి పోస్తే ఎనిమిది నెలలు పోవచ్చు. కోడ్ రాసేవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. మనిషి ఏమీ చెప్పనప్పుడు ఏం జరగాలో మనమే ముందుగా నిర్ణయిస్తాం, దాన్నే డీఫాల్ట్ అంటాం. తప్పు జరిగినా నష్టం తక్కువుండే వైపుకి దాన్ని పెట్టడం మా వృత్తిలో మొదటి పాఠం. నా ఇంట్లో దాన్ని తిరగేసి పెట్టుకున్నాను.

"ఇలా అందరి గ్లాసులూ కాపలా కాస్తే అది పార్టీనా, హాస్టలా?" అని అడగొచ్చు. నిజమే. 1995లో మద్యనిషేధం తెచ్చి రెండేళ్ళకే ఎత్తేసిన రాష్ట్రం మనది. కాపలాతో అయ్యే పని కాదని మనకి తెలుసు. నేను అడిగేది కాపలా కాదు. ప్లేటో 'సింపోజియం'లో ఆగథాన్ అనే నాటకకర్త ఇంట్లో విందు జరుగుతుంది. అతని మొదటి విజయానికి ట్రీట్ అన్నమాట. వచ్చినవాళ్ళలో కొందరికి నిన్నటి హ్యాంగోవర్ ఇంకా దిగలేదు. అందుకని ఈ రోజు బలవంతం లేదు, ఎవరికి ఎంత కావాలంటే అంతే అని ముందే ఒప్పందం చేసుకుంటారు. ప్రేమ గురించి అంత గొప్ప సంభాషణ ఆ ఒప్పందం నీడలోనే నడిచింది. ఆల్కిబయడీజ్ అప్పటికే తాగి వచ్చి, పోయించే పెత్తనం తనే తీసుకుంటాడు. కాసేపటికి మరో గుంపు లోపలికి చొరబడుతుంది. అక్కడితో కట్టుబాటు పోయి, అందరూ విపరీతంగా తాగాల్సొస్తుంది. నా ప్రమోషన్ రోజు మా హాల్లో ఆ ఆల్కిబయడీజ్‌ని నేనే. పైగా ఇల్లు కూడా నాదే.

షీట్‌లో కొత్త కాలమ్ పెట్టి కుర్రాడికి పంపాను. మందు కన్నా ముందు మజ్జిగ, నిమ్మకాయ సోడా కొను. వాటిని పేపర్ కప్పుల్లో కాకుండా అందరికీ ఇచ్చే గ్లాసుల్లోనే ఇవ్వు, ఎవరు ఏం తాగుతున్నారో ఎవరికీ పట్టకూడదు. "ఏం తీసుకుంటావ్?" అని ఒక్కసారే అడుగు. ఎందుకు తాగవని అడక్కు. సీసా బల్ల మీద పెట్టు, ఎవరిది వాళ్ళు పోసుకుంటారు. ఎనిమిదింటికి బిర్యానీ. తాళాలు మొదటి పెగ్గుకి ముందే ఒక గిన్నెలో. రెండు పరుపులు అదనం.

కాసేపటికి జవాబొచ్చింది. "అన్నా, అంతా ఓకే. కానీ ఎవడైనా వద్దంటే అది నిజంగా వద్దో, మొహమాటమో ఎలా తెలుస్తుంది?"

చాలాసేపు ఆలోచించాను. మా అమ్మ గురించి నాలుగు లైన్లు టైప్ చేసి చెరిపేశాను. చివరికి ఇంతే పంపాను: "చాలాసార్లు తెలీదురా. తెలీనప్పుడు సీసా కింద పెట్టెయ్."