వృక్షజ్ఞానము - భగవద్భక్తి

శ్రీవిష్ణుసహస్రనామమునందు న్యగ్రోధుడు, ఉదుంబరుడు, అశ్వత్థుడు అను మూడు నామములు వరుసగా వచ్చును. మఱ్ఱి, మేడి, రావి. నిత్యపారాయణము జరుగు గృహములలో ఈ నామములు కంఠస్థములే. కాని ఈ మూడు వృక్షములకును పువ్వు కనబడదేమి యని ప్రశ్నించుకొన్నవారు అరుదు.

ఆ ప్రశ్నకు సమాధానమును నేడు పట్టణములలోని బాలురు వృక్షోద్యానములలో వినుచున్నారు. అచట పిల్లలను వెంటబెట్టుకొని చెట్టుచెట్టును చూపు బోధకుడు, రాలిన మేడిపండు నొకదానిని రెండుగా కోసి, భూతద్దమును చేతికిచ్చును. పండు లోపలి గోడ నిండ పువ్వులే! చీమకంటె చిన్నదైన ఒక జాతి కందిరీగ, కాయ మొనయందలి సన్నని రంధ్రమున దూరును. దూరునపుడు సాధారణముగా దాని రెక్కలు ఊడిపోవును. తాను మోసికొని వచ్చిన పుప్పొడిని పువ్వులకు అంటించి, కొన్నింట గ్రుడ్లు పెట్టి, అచటనే మరణించును. లోపల పుట్టిన మగ పురుగులకు రెక్కలే లేవు. అవి ఆడు పురుగులకు వెలుపలికి దారి తొలిచి, లోపలనే ప్రాణములు విడుచును. ఆడు పురుగులు పుప్పొడితో వేఱొక కాయను వెదకికొనుచు పోవును. ఈ పురుగు లేనిచో మేడికి విత్తనము లేదు. మేడిపండును కపటమునకు ఉపమానముగా చెప్పుకొను తెలుగువారికి ఇది కొంత వింతగనే తోచును.

బిడ్డ ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పగా పెద్దలకు శంక కలుగుట సహజము. పండును కోసి చూపువాడు ఆ చెట్టునందలి దైవమును బిడ్డ మనస్సునుండి తొలగించుచున్నాడా? దైవనామ మెత్తక చేయు బోధ భక్తికి హాని కాదా?

శ్రీరామానుజ సిద్ధాంతమున చేతనాచేతనములు సమస్తమును భగవంతునికి శరీరము, ఆయన అంతర్యామి. శరీరము తీరును యథార్థముగా వివరించువాడు శరీరిని నిరాకరించినవాడు కాడు. అన్ని మతముల పిల్లలు వచ్చు ఉద్యానమున బోధకుడు దైవము మాట యెత్తకుండుట అతని మర్యాద. అయితే, చెట్టుకు మ్రొక్కుట మూఢత్వమని అతడు పరిహసించినచో అది వృక్షశాస్త్రము కాదు, పరిధి దాటుటయే. మఱి కొందఱు భక్తులు ఈ కీటకవృత్తాంతమంతయు మన ఋషులు ముందే చెప్పియుంచిరని వాదింతురు. అట్టి వాదము అనవసరము. ఋషుల గౌరవము దానిపై ఆధారపడి లేదు.

వారు చూచినది వారు చెప్పిరి. న్యగ్రోధ శబ్దమునకు క్రిందికి పెరుగునది యని వ్యుత్పత్తి. ఊడలు దిగుటను కన్నులార చూడనివాడు ఆ పేరు పెట్టజాలడు. కలకత్తా చెంత హౌరాలో 1787లో స్థాపింపబడిన వృక్షోద్యానమున నొక మహావటమున్నది. తెగులు సోకగా 1925లో దాని మూలకాండమును తొలగించిరి. అయినను వేలకొలది ఊడలపై నిలిచి అది నేటికిని జీవించియే యున్నది. (ఆ తోటకు 1793లో అధిపతియైన రాక్స్‌బర్గు దొర అంతకు ముందు సామర్లకోటలో నుండి మన తెలుగుదేశపు మొక్కలను పరిశీలించినవాడే.) ఆ ఊడల నడుమ నిలుచున్న బాలునికి న్యగ్రోధమను మాట నిఘంటువుతో పనిలేకయే తెలియును.

కాబట్టి లోపమును ఉద్యానమున వెదకుట తగదు. ఇంటిలో బిడ్డకు నామము నేర్పిరి, నామార్థమును పెద్దలు తామును విప్పి చూడలేదు. తోటలో అర్థము చూపిరి, నామము చెప్పుట వారి పని కాదు. ఈ రెండింటిని కలుపగలవాడు ఆ బాలుడొక్కడే. కాని వాని మాటను చెవినిడువారు కావలెను. పారాయణము నడుమ ఆ మూడు నామములు వచ్చినచోట ఒక్క నిమిషమాగి, "క్రిందికి పెరుగు చెట్టు ఏదిరా నాయనా?" యని తాతగారు వానినే అడుగవచ్చును. వాడు ఊడలను గూర్చి చెప్పును, పిమ్మట పురుగును గూర్చియు చెప్పును.